పొలమారిన మందు

అన్నం తింటూ ఉండగా ఉన్నట్టుండి పొలమారుతుంది. కళ్ళనీళ్ళు తిరుగుతాయి, ముఖం కందగడ్డ అవుతుంది, మాట పెగలదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నడినెత్తిన రెండు తట్లు తట్టి, “ఎవరో తలుచుకుంటున్నారే అమ్మాయ్” అంటుంది. ఎవరు చెప్మా అని మనం వరసగా పేర్లు అనుకుంటూ ఉండగా దగ్గు దానంతటదే సర్దుకుంటుంది. ఏ పేరు దగ్గర సర్దుకుంటే వారే తలుచుకున్నట్టు లెక్క. మా పల్నాటిలో ఈ లెక్క తెలియని ఇల్లు లేదు. అందులోనూ మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో, ఏడాదికి సరిపడా కారం కొట్టించే రోజుల్లో, నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఊళ్ళకు ఊళ్ళే ఒకరినొకరు తలుచుకుంటూ ఉంటాయి!

తలుచుకున్నవారి సంగతి అలా ఉంచితే, నెత్తిన తట్టిన చెయ్యి చేసే ఉపకారం కూడా పెద్దగా ఏమీ లేదు. పని చేసేదల్లా దగ్గే. మన గొంతులో రెండు దారులున్నాయి. వెనకవైపున్నది అన్నం పోయే దారి, ముందువైపున్నది గాలి పోయే దారి. రెండింటికీ వాకిలి ఒకటే. మింగిన ప్రతిసారీ గాలిగొట్టం పైకి లేచి, నాలుక మొదట్లో ఉన్న ఒక చిన్న మూత కిందికి దాని నోరు దాచుకుంటుంది. (అద్దంలో నోరు తెరిస్తే కనిపించే కొండనాలుక ఇది కాదు. ఈ మూత ఇంకా లోపల ఉంటుంది.) ఒక్క మెతుకు దారి తప్పినా, ఒక్క నీటిచుక్క అటు జారినా, దగ్గు దాన్ని బయటికి గెంటేస్తుంది. పుట్టినప్పటి నుంచి జీతం బత్తెం లేకుండా కాపలా కాస్తున్న కావలివాడన్నమాట.

ఈ కావలివాడికి ఒకే ఒక్క బలహీనత. మనకు మత్తు ఇస్తే వాడూ నిద్రపోతాడు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు, మా వదినగారి వల్ల తెలిసింది. మావారి అక్కగారు ఆవిడ. గురజాల దగ్గర ఒక పల్లెలో ఉంటారు. రెండేళ్ళ క్రితం వేసవిలో ఆవిడకు కింది దవడ వాచింది. ఉల్లిపాయ కాల్చి కాపడం పెట్టారు, లవంగనూనె రాశారు, ఎవరో చెప్పారని ఏదో ఆకు నూరి పట్టు వేశారు. చివరకు గుంటూరు తీసుకువెళ్ళి ఫోటో తీయిస్తే, జ్ఞానదంతం మొదట్లో నీటితిత్తి ఒకటి చేరి దవడ ఎముకను తొలిచేస్తోందన్నారు. పన్ను పీకినట్టు కుర్చీలో కూర్చోబెట్టి చేసేది కాదు, పూర్తిగా మత్తు ఇచ్చి ఆపరేషను చేయాలన్నారు. ఏ ఆస్పత్రి అన్నది ఇక్కడ అనవసరం. పేరున్న ఆస్పత్రే.

ఆపరేషను రెండు గంటలు పట్టింది. “బాగా జరిగింది, తిత్తి మొత్తం వచ్చేసింది” అని చెప్పి వెళ్ళారు సర్జనుగారు. మేము కాఫీకి లేవబోతూ ఉండగా లోపల హడావిడి మొదలైంది. మత్తు వదిలిస్తూ గొంతులో ట్యూబు తీసిన కాసేపటికి వదినగారికి తెరలు తెరలుగా దగ్గు వచ్చిందట. ఆ పైన పిల్లికూతలు. వేలికి తగిలించే చిన్న క్లిప్పు ఉంటుందే, కోవిడ్ రోజుల్లో 2020లోనూ 2021లోనూ మన అందరిళ్ళకూ వచ్చి కూర్చున్నది, అది 86 చూపిస్తోందన్నారు. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీస్తే కుడివైపు కింద తెల్లగా మబ్బు కమ్మినట్టుంది. మాతో పైకీ కిందికీ మాట్లాడకుండా ఆవిణ్ణి ఐ.సి.యు.లోకి మార్చారు.

బయట వరండాలో మా చుట్టపక్కాలందరూ ఒకే మాట: “మత్తు పడలేదు.” మన వైపు ఆపరేషనులో ఏం జరిగినా ఆ మాటే కదా. అన్నయ్యగారు మిరపతోట మీద వచ్చిన డబ్బంతా పంచెలో కట్టుకు వచ్చిన మనిషి, నోట మాట లేకుండా గోడకు చేరబడి కూర్చుండిపోయారు. సాయంత్రానికి మత్తు డాక్టరుగారు తనంతట తానే వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో ఆ అబ్బాయికి.

“మత్తు బాగానే పడిందండీ. జరిగింది వేరు. ఆపరేషనుకు ముందు, మధ్యలో నోరు కడగడానికి వాడే అయొడిన్ మందు కొంత గాలిగొట్టంలోకి దిగింది. దాంతో ఊపిరితిత్తి కమిలింది.”

“నోరు కడిగే మందేగా బాబూ! పుక్కిలించేదేగా!” అన్నారు అన్నయ్యగారు.

“నోటికి మంచిదేనండి. ఊపిరితిత్తికి కాదు.”

ఆ తరవాత ఆయన మందులచీటీ వెనక బొమ్మ గీసి చెప్పిన సంగతి ఇది. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు గాలిగొట్టంలోకి ఒక ట్యూబు వేస్తారు. దాని కొసన ఉంగరంలాగా చిన్న గాలిబుడగ ఉంటుంది. బుడగ ఊదితే ట్యూబుకూ గాలిగొట్టానికీ మధ్య సందు మూసుకుపోతుంది. నోట్లోని నెత్తురు, ఉమ్మి, కడిగిన మందు కిందికి దిగకుండా అది అడ్డుకట్ట. కాని అది నాగార్జునసాగరం ఆనకట్ట కాదు. మెత్తని ప్లాస్టిక్కు. గాలి కాస్త తక్కువైనా, తల అటూ ఇటూ తిప్పినా, మడతల్లోంచి సన్నగా జారవచ్చు. పైగా నోట్లో కడిగిన మందు గొంతు వెనక, బుడగకు పైన, మడుగు కట్టి నిలుస్తుంది. దాన్ని మిషనుతో పూర్తిగా పీల్చి తీయకుండా చివర బుడగలో గాలి వదిలారో, ఆ నిలిచినదంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. కావలివాడు ఇంకా మగతలోనే ఉంటాడు. కుడివైపు గొట్టం ఎడమదానికన్నా వెడల్పు, నిటారు కూడా. అందుకే ఎక్కువసార్లు దారి తప్పినది కుడి ఊపిరితిత్తికే చేరుతుంది. పిల్లలు పీల్చిన వేరుశెనగ పలుకుదీ అదే దారి.

నోటికి మంచిదైన మందు ఊపిరితిత్తికి ఎందుకు చెడ్డది? ఆ ప్రశ్న అన్నయ్యగారిని వదలలేదు, నన్నూ వదలలేదు. నాకు తోచిన పోలిక పిడుగురాళ్ళది. అక్కడి బట్టీల్లో కాలిన సున్నమే తమలపాకుకు రాసుకుని నోట్లో వేసుకుంటాం. నోరు పండుతుంది, అంతే. అదే సున్నం చిటికెడు కంట్లో పడితే? బట్టీల దగ్గర పని చేసేవాళ్ళను అడగండి, కన్ను పోయిన కథలు చెబుతారు. సున్నం మారలేదు, అది పడిన చోటు మారింది. నోటి లోపలి పొర మన అరిచేతి చర్మమంత కాకపోయినా మొరటుదే. వేడి కాఫీ, ఆవకాయ కారం, చుట్ట, అన్నీ ఓరుస్తుంది. ఊపిరితిత్తి గాలిగదుల గోడ అలా కాదు. ముప్ఫై కోట్ల నుంచి యాభై కోట్ల దాకా ఉంటాయి ఆ గదులు. విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు డాబా ఇంటి నేలంత. గాలికీ నెత్తురుకూ మధ్య ఉన్న ఆ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యోవంతుకు కూడా తక్కువ. ప్రాణవాయువు దాటాలంటే అంత పల్చగానూ ఉండాలి మరి.

ఆ గదులు ముడుచుకుపోకుండా లోపల ఒక సన్నని జిడ్డుపొర ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఊపిరాడక పోవడానికి కారణం ఆ పొర లేకపోవడమేనని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ కనిపెట్టింది. క్రిములను చంపే మందుల్లో చాలావాటి పని ఏమిటి? క్రిమి ఒంటి చుట్టూ ఉన్న కొవ్వుపొరను చీల్చడం. అది క్రిమి పొర, ఇది మనిషి పొర అన్న వివేకం మందుకు లేదు. గదుల గోడలు కమిలి, నెత్తురులోని నీరు లోపలికి ఊరుతుంది. ఎక్స్‌రేలో మేము చూసిన మబ్బు అదే. గాలి ఉండవలసిన చోట నీరు.

మందు మేలూ కీడూ ఇలా చోటును బట్టి మారడం వైద్యులు ఒక్కరోజులో నేర్చుకున్నది కాదు. గాయాలు చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లంతో కడగవచ్చునని 1867లో లోకానికి చాటిన జోసెఫ్ లిస్టరు, ఆ తరవాత నాలుగైదేళ్ళకు ఇంకో అడుగు వేసి, ఆపరేషను గదిలో గాలినంతటినీ ఆ ఆమ్లపు తుంపరలతో తడిపే యంత్రం పెట్టించాడు. కత్తి పట్టిన డాక్టరూ, పక్కన నిలబడిన నర్సూ, బల్ల మీది రోగీ అందరూ ఆ తుంపరలే పీల్చారు. గాయాలు మానాయి, దాన్ని కాదనలేం. మనుషులు మాత్రం దగ్గారు. చివరికి 1890లో బెర్లిన్ సభలో లిస్టరే లేచి ఆ తుంపర పద్ధతిని తాను వదిలేశానని చెప్పుకున్నాడు. గాయాన్ని కడగడం నిలిచింది, గాలిని కడగడం పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన హైదరాబాదులో మత్తు గురించి పెద్ద పరిశోధన జరిగిందని ఎందరికి తెలుసు? రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం మత్తులో మనుషులు ఎందుకు పోతున్నారో తేల్చాలని పట్టుబట్టాడు. నిజాం ప్రభువు డబ్బు ఇచ్చాడు. 1888లో ఒక కమిషను, 1889లో మరొకటి. రెండోదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు ఓడెక్కి వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, రోగి ఊపిరినే కనిపెట్టి ఉండండి, నాడి పట్టి కూర్చోకండి అని తేల్చారు. ఆ రెండో సగం తప్పని, క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదని 1911లో లెవీ అనే ఆయన నిరూపించాడు. మొదటి సగం మాత్రం ఈనాటికీ నిలిచి ఉంది. అదే హైదరాబాదులో 1889లో వైద్యం చదువు పూర్తి చేసిన రూపాబాయి ఫర్దూన్జీ రోగులకు క్లోరోఫాం మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. లోకంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరని ఆమెను ఇప్పుడు చెప్పుకుంటారు. మన ఆడపిల్లలకు చెప్పవలసిన కథ అది, మరోసారి ఎప్పుడైనా.

గొంతు దాటి దిగినది ఊపిరితిత్తిని ఎలా కాలుస్తుందో తేటగా చూపినవాడు న్యూయార్కులోని కర్టిస్ మెండెల్సన్. కాన్పుల డాక్టరు. 1932 నుంచి 1945 దాకా ఆ ఆస్పత్రిలో జరిగిన 44,016 కాన్పుల లెక్కలు తిరగేసి, మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయినవారు 66 మంది అని 1946లో ప్రకటించాడు. కుందేళ్ళ మీద పరీక్షించి, కీడు చేసేది ముఖ్యంగా జఠరరసంలోని ఆమ్లమేనని తేల్చాడు. ఆపరేషనుకు ముందు ఘనాహారం ఆరు గంటలు, మంచినీళ్ళు రెండు గంటలు ఆపమని ఇప్పుడు చెప్పేది దానికోసమే. “పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, రెండు ఇడ్లీలు పెడితే ఏమవుతుంది పాపం” అని కొంగు చాటున తెచ్చే అమ్మమ్మలు మన ఆస్పత్రుల్లో ఇంకా ఉన్నారు. నర్సుకు తెలియకుండా పెట్టిన ఆ రెండు ఇడ్లీలు ఏమవుతాయో మెండెల్సన్ కుందేళ్ళు చెప్పాయి.

నోరు కడిగే మందులు ఆ తరవాత వచ్చాయి. క్లోరెక్సిడిన్ ఇంగ్లండులో 1954లో బజారుకు వచ్చింది. పోవిడోన్ అయొడిన్ అమెరికాలో 1955లో. రెండూ మంచి మందులే, అందులో సందేహం లేదు. అయితే 2002లో జపాను డాక్టర్లు ఒక సంగతి ప్రకటించారు. మతిమరుపు జబ్బున్న వృద్ధురాలు ఒకావిడ గాఢమైన క్లోరెక్సిడిన్ మందును పొరపాటున తాగి, అది ఊపిరితిత్తులకు తగిలి గంటల వ్యవధిలో పోయిందట. పోవిడోన్ అయొడిన్ పీల్చిన రోగికి ఊపిరితిత్తులు వాచిన సంగతిని 2012లో ముఖశస్త్రచికిత్సల పత్రిక ఒకటి అచ్చువేసింది. ఇలాంటివి అరుదు. కాని అరుదైనది మన ఇంట్లో జరిగితే నూటికి నూరు.

అన్నిటికన్నా ఘోరం దక్షిణ కొరియాలో జరిగింది. చలికాలంలో గదిలో గాలి పొడిబారకుండా నీటి ఆవిరి చిమ్మే పెట్టెలు వాడతారు అక్కడ. ఆ నీళ్ళలో పాచి పట్టకుండా కలిపే మందులు 1994 నుంచి అమ్మారు. చేతులకు తగిలితే ఏమీ కాని మందే. ఆవిరితో పాటు పడకగదుల్లో పసిపిల్లలు, గర్భిణులు రాత్రంతా పీల్చారు. 2011 వసంతంలో సియోల్ ఆస్పత్రిలో బాలింతలు వరసగా ఊపిరితిత్తులు గట్టిపడి చేరుతుంటే అప్పుడు గుట్టు బయటపడింది. చనిపోయినవారు వెయ్యిమందికి పైనే. చర్మం మీద పరీక్షించారు గాని, పీలిస్తే ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు.

ఇంకొకటి విచిత్రమైనది. ఐ.సి.యు.లో ట్యూబు మీద ఉన్న రోగులకు నోట్లో క్రిములు దిగి న్యుమోనియా రాకుండా రోజూ క్లోరెక్సిడిన్‌తో నోరు తుడవడం చాలా ఏళ్ళు పద్ధతిగా ఉండేది. 2014లో పరిశోధకులు పాత లెక్కలన్నీ కలిపి చూస్తే, గుండె ఆపరేషను రోగులకు తప్ప మిగతావారికి లాభం కనపడలేదు సరికదా, మరణాలు కాస్త ఎక్కువేమో అన్న అనుమానం వచ్చింది. ఆ మందు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగడమే కారణం కావచ్చునని కొందరు ఊహించారు. 2022లో అమెరికా వైద్యసంఘాలు తమ సూచనలు మార్చి, ఆ మందు వాడవద్దు, బ్రష్షుతో పళ్ళు తోమండి చాలు అన్నాయి. కోట్ల రూపాయల ఐ.సి.యు.లో చివరికి గెలిచింది పళ్ళు తోమే బ్రష్షు!

మా వదినగారి సంగతికి వస్తాను. మూడు రోజులు ముక్కూ నోరూ కప్పే మాస్కుతో ప్రాణవాయువు ఎక్కించారు. రెండో రాత్రి వెంటిలేటరు పెట్టవలసి రావచ్చు, సంతకం చెయ్యమన్నారు. అన్నయ్యగారి చెయ్యి వణికింది. పెట్టే అవసరం రాకుండానే తెల్లవారింది. మేమందరం “ఏదన్నా పవరుఫుల్ ఇంజెక్షను వెయ్యండి డాక్టరుగారూ, ఖర్చుకు వెనకాడం” అని వెంటపడ్డాం. ఆయన ఓపికగా చెప్పారు: మందు కాల్చిన పుండుకు విరుగుడు మందంటూ లేదు. లోపల ఉన్నది పీల్చి తీసేసి, ప్రాణవాయువు ఇస్తూ, ఊపిరితిత్తి తనకు తాను మానేదాకా కాపాడటమే చికిత్స. ఇది మొదట క్రిముల వల్ల వచ్చిన న్యుమోనియా కాదు కనుక, జ్వరమో మరో లక్షణమో క్రిములు చేరినట్టు చూపితేనే యాంటిబయాటిక్కు బలంగా వాడతారు. స్టెరాయిడ్ల వల్ల మేలు జరుగుతుందని గట్టి రుజువు లేదు. పదకొండో రోజున వదినగారు ఇంటికి వచ్చారు. మెట్లెక్కితే ఆయాసం రెండు నెలలు ఉండి పోయింది.

ఇదంతా చదివి పన్ను పీకించుకోవడానికి భయపడేరు సుమండీ! కుర్చీలో కూర్చోబెట్టి చిగుళ్ళకు ఇచ్చే తిమ్మిరి సూది వేరు, పూర్తి మత్తు వేరు. తిమ్మిరి సూదిలో కావలివాడు మెలకువగానే ఉంటాడు. కాకపోతే నాలుకా పెదవీ మొద్దుబారి ఉన్న రెండు మూడు గంటలు ఏమీ తినకుండా, తాగకుండా ఉండటం మంచిది. ఆపరేషనుకు ముందు నోరు కడగడం మానమనీ నా అర్థం కాదు. మురికి నోటి క్రిములు గాయంలోకి పోతే అది ఇంకో చావు. మందు కుమ్మరించే బదులు తడిపి పిండిన గుడ్డతో తుడవడం, కడిగింది కడిగినట్టే మిషనుతో పీల్చేయడం, బుడగ వదిలే ముందు గొంతు చివరిదాకా చూడటం, ఇవీ జాగ్రత్తలు. గొంతులో గాజుగుడ్డ కుక్కే పద్ధతి కూడా ఉంది. అది మరిచి లోపల వదిలేసి ఊపిరాడక ప్రమాదాలు జరిగితే, బ్రిటనులో 2009లో రోగుల భద్రతా సంస్థ ప్రత్యేకం హెచ్చరిక వేసింది. 2018లో అక్కడి మత్తు వైద్యులు అందరికీ అలవాటుగా ఆ గుడ్డ పెట్టవద్దని, పెడితే లెక్క రాసి తీయాలని చెప్పారు. కాపలాకు పెట్టినదే కంటకమవుతుందన్నమాట.

మన వంతు కూడా కొంత ఉంది. కదిలే పన్ను, కట్టుడు పళ్ళు, ఉబ్బసం, గుండెలో మంట, ఇవి డాక్టరు అడగకపోయినా చెప్పాలి. ఖైనీ, గుట్కా అలవాటు ఉంటే దాచకూడదు. ఏళ్ళ తరబడి నమిలినవారికి బుగ్గలు లోపల బిగుసుకుపోయి నోరు రెండు వేళ్ళు పట్టనంతగా మూసుకుపోతుంది. అలాంటి నోట్లోంచి ట్యూబు వేయడం మత్తు డాక్టరుకు అగ్నిపరీక్ష. మొగవారు ఈ సంగతి భార్య ముందు చెప్పడానికి మొహమాటపడతారు కాబోలు, భార్యలే చెప్పేస్తే సరి. ఆపరేషను అయి ఇంటికి వచ్చాక రెండు రోజుల లోపల ఆగని దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, పెదవులు నీలిబారడం, జ్వరం కనిపిస్తే, “మత్తు వాసన, అదే పోతుంది” అనుకోకుండా వెంటనే తిరిగి తీసుకువెళ్ళాలి.

ఆస్పత్రి గుమ్మం దాటి మన ఇళ్ళలోకి వస్తే ఈ కథ ఇంకా దగ్గరిది. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన మామగారికి నోరు వాసన వస్తోందని పడుకోబెట్టి పుక్కిలించే మందు పోస్తారు. అది ఎటు పోయిందో ఎవరికి తెలుసు? లేపి కూర్చోబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, తడిగుడ్డతో తుడవాలి. ఆరేళ్ళ లోపు పిల్లలకు ఆ మందులు ఇవ్వనే కూడదు, వాళ్ళకు ఉమ్మడం రాదు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన కిరోసినో, ఇల్లు తుడిచే డెట్టాలో పిల్లవాడు తాగాడంటే, గొంతులో వేలు పెట్టి కక్కించడం, ఉప్పునీళ్ళు పట్టించడం మన వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. అదే ప్రాణం మీదికి తెచ్చేది. కడుపులో ఉన్నంతసేపు దాని కీడు కొంతే, కక్కేటప్పుడు పొలమారి ఊపిరితిత్తులకు చేరితే కొంప మునుగుతుంది. డెట్టాలు తాగి ఆస్పత్రికి వచ్చినవారి గురించి హాంకాంగు డాక్టర్లు 1990లలో రాసినప్పుడు కూడా ఎక్కువగా భయపడింది ఊపిరితిత్తుల గురించే. కక్కించకుండా, సీసా కూడా పట్టుకుని, ఆస్పత్రికి పరిగెత్తడమే.

ఇక పసిపిల్లలకు తలంటు పోసేటప్పుడు ముక్కులో నూనెచుక్కలు వేయడం, కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పోయడం. బిడ్డ కెవ్వున ఏడిస్తే “ఊపిరితిత్తులకు బలం” అని నవ్వుకునే మంత్రసానులు నా చిన్నతనంలో మా వీధిలోనే ఉండేవారు. నూనెకు ఒక చెడ్డ గుణం ఉంది, అది గొంతులో గిలి పెట్టదు. కావలివాడి కళ్ళు గప్పి, దగ్గు పుట్టించకుండా, జారుకుంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే నెలల తరబడి పోదు. దక్షిణ భారతదేశపు పసిపిల్లల్లో ఇలా వచ్చే నూనె న్యుమోనియా గురించి 1973లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఇన్నేళ్ళయినా మా నరసరావుపేట ఇళ్ళలో ఉగ్గుగిన్నె అటకెక్కలేదు.

వదినగారు డిశ్చార్జి అయిన రోజున ఆ మత్తు డాక్టరుగారు కాగితంలో జరిగినదంతా దాచకుండా రాసి ఇచ్చారు. ఏ మందు, ఎప్పుడు, ఏ ఊపిరితిత్తి, ఎన్ని రోజులు ప్రాణవాయువు. “ఇకముందు ఎప్పుడు ఏ ఆపరేషను అయినా ఇది ముందు చూపించండి” అన్నారు. అన్నయ్యగారికి ఇంగ్లీషు రాదు. అయినా దాన్ని గుంటూరు బస్‌స్టాండు దగ్గర మూడు జిరాక్సులు తీయించారు. ఒకటి వాళ్ళ బీరువాలో పట్టా కాగితాల మధ్య ఉంది. ఒకటి నా దగ్గర ఉంది. మూడోది హైదరాబాదులో కూతురికి పంపించారు.